కారులో రబ్బరు కాలిన వాసన: ఎప్పుడు వచ్చిందన్నదే అసలు ప్రశ్న

నరసరావుపేట నుంచి గుంటూరు వస్తుంటే కారులో రబ్బరు కాలిన వాసన కొట్టిందనుకుందాం. చాలామంది అద్దాలు దించుతారు. వాసన తగ్గితే పోయిందిలే అనుకుని సాగిపోతారు. జాగ్రత్తపరులైతే దారిలో కనబడ్డ షెడ్డు దగ్గర ఆపి, మెకానిక్ చెప్పినట్టు ఫ్యాన్ బెల్టు మార్పించుకుంటారు. రెండు పద్ధతుల్లోనూ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ వాసన ఎప్పుడు వచ్చింది? ఏసీ వేశాకా, క్లచ్ తొక్కి వదులుతున్నప్పుడా, బ్రేకు మీద కాలు ఉన్నప్పుడా, లేక బండి ఆపి ఇంటి ముందు నిలబెట్టాకా? దీనికి జవాబు చెప్పగలిగితే సగం రోగం దొరికినట్టే. వాసన ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడు వచ్చిందన్నదే ఎక్కువ సంగతి చెబుతుంది.

ఎందుకంటే ముక్కు ఇక్కడ సులువుగా మోసపోతుంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే గట్టిగా, సాగేలా తయారవుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. దీన్నే వల్కనైజేషన్ (రబ్బరు అణువుల గొలుసులను గంధకంతో ముడివేయడం) అంటారు. టైరులోనూ, బెల్టులోనూ, రేడియేటర్ గొట్టాల్లోనూ ఉండేది ఇలాంటి గట్టిపరిచిన రబ్బరే. బాగా వేడెక్కినప్పుడు ఆ ముడులు తెగి గంధకపు ఘాటు బయటికొస్తుంది. మిరపలో బూడిద తెగులుకు గంధకం కొట్టే రైతు ముక్కుకు ఇది పూర్తిగా కొత్తది కాదు. అయితే రబ్బరు లేని చోట నుంచీ దాదాపు ఇలాంటి వాసనే వస్తుంది. క్లచ్ ప్లేటును, బ్రేకు ప్యాడ్‌ను రెజిన్ (పొడులను, నారను అతికించి ఉంచే బంక) పట్టి ఉంచుతుంది. అది మాడినా, వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కరిగినా, కారిన ఇంజనాయిలు సైలెన్సర్ మీద పడి మాడినా, లోపల కూర్చున్నవాళ్లకు అన్నీ "ఏదో కాలుతున్న వాసన"గానే తోస్తాయి.

ముందుగా తేల్చుకోవలసింది, ఆ వాసన మన బండిదేనా అని. పదహారో నంబరు జాతీయ రహదారి మీద చిలకలూరిపేట దగ్గరో, ఒంగోలు దగ్గరో బరువైన లారీ వెనక వెళుతుంటే దాని బ్రేకుల వాసన మన ఏసీ గుండా లోపలికి వస్తుంది. ఏసీకి బయటి గాలి రానివ్వకుండా లోపలి గాలినే తిప్పే బటన్ ఉంటుంది. అది నొక్కి, లారీని దాటి వెళ్లి చూడండి. కాసేపటికి వాసన పోతే బండిని అనుమానించనక్కర్లేదు. మిర్చి సీజన్లో ఇంకో చిక్కు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకు సరుకు దిగే రోజుల్లో, డిక్కీలో ఒకటి రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకున్న కారులో ఘాటు తప్ప మరో వాసన తెలియదు. పైగా ఏ వాసననైనా కొద్ది నిమిషాలు పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే అనుమానం వస్తే బండి పక్కకు ఆపి, దిగి, అయిదు నిమిషాలు దూరంగా నిలబడి, తిరిగొచ్చి చుట్టూ వాసన చూడాలి. ముందు బానెట్ దగ్గర, తర్వాత ఒక్కో చక్రం దగ్గర, చివరికి డ్రైవరు కాళ్ల దగ్గర. వాసన ఎక్కడ బలంగా ఉందో అక్కడి నుంచే వెతుకులాట మొదలుపెట్టాలి.

మన ప్రాంతంలో ఇలాంటి వాసనకు ముందుగా అనుమానించవలసింది క్లచ్‌నే. కారణం మన నేల. నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పత్తికి అది వరం, కారుకు కాదు. పత్తి తీతల వేళ ఒక వాన పడిందంటే చేలోకి వెళ్లే డొంకలో చక్రం దిగబడుతుంది. అప్పుడు డ్రైవరు ఏం చేస్తాడు? మొదటి గేరులో, లేదా రివర్సులో, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి క్లచ్‌ను సగం వదిలి పట్టుకుంటాడు. వెనక ఇద్దరు నెడుతుంటారు. నాలుగైదు ప్రయత్నాలయ్యేసరికి వాసన గుప్పుమంటుంది.

లోపల జరిగేది ఇదీ. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. గేరుబాక్సుకు తగిలించి ఉండే పల్చటి బిళ్ల క్లచ్ ప్లేటు. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు ప్రెషర్ ప్లేటు దాన్ని ఫ్లైవీల్‌కు అదిమి పడుతుంది. రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఒరిపిడి ఉండదు, వేడి ఉండదు. సగం వదిలి పట్టుకుంటే ఫ్లైవీల్ తిరుగుతుంటుంది, ప్లేటు మాత్రం దాదాపు నిలబడి ఉంటుంది. ఇంజను ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం చక్రానికి చేరకుండా ఆ రెండు బిళ్లల మధ్యే వేడిగా మారిపోతుంది. ప్లేటు మీది రెజిన్ మాడి, పైన గాజులా నున్నటి పొర తేలుతుంది. నున్నగా అయ్యాక అది ఇంకా జారుతుంది. జారేకొద్దీ ఇంకా కాలుతుంది.

ఒకసారి వాసన వచ్చి, బండి చల్లారాక మామూలుగా నడిస్తే కంగారు పడనక్కర్లేదు. కాస్త అరిగింది, అంతే. మామూలు రోడ్డు మీద కూడా వాసన వస్తుంటే పరీక్ష ఒకటుంది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, మూడో నాలుగో గేరులో, నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా లోతుగా తొక్కండి. ఇంజను మోత పెరిగి, వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. షెడ్డుల్లో "స్లిప్ కొడుతోంది" అనేది దీన్నే. కొన్ని కార్లలో కేబులు సర్దితే సరిపోతుంది. ప్లేటు అరిగిపోతే గేరుబాక్సు దించవలసిందే. దించినప్పుడు ప్లేటు ఒక్కటే కాకుండా ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా మార్చుకోవడం మేలు. విప్పే కూలే ఎక్కువ కనుక, ఒక్కటి మిగుల్చుకుని మళ్లీ విప్పించడంలో లాభం లేదు. ఆటోమేటిక్ అని కొన్న చిన్న కార్లలో చాలావాటికి ఏఎంటీ (క్లచ్‌ను డ్రైవరుకు బదులు యంత్రం నొక్కే గేరుబాక్సు) ఉంటుంది. వాటిలోనూ క్లచ్ ప్లేటు ఇదే. ఎత్తు మీద బ్రేకుకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అదీ మాడుతుంది.

మరి దిగబడితే ఏం చేయాలి? చక్రం కింద పత్తికట్టెనో, గోనె సంచినో, రాళ్లనో వేసి, వీలైతే రెండో గేరులో, క్లచ్ పూర్తిగా వదిలి నెమ్మదిగా కదిలించాలి. రెండు ప్రయత్నాలకు రాకపోతే ట్రాక్టరుకు కబురు పెట్టాలి. క్లచ్ సెట్టు ఖరీదుతో పోలిస్తే ట్రాక్టరు ఖర్చు చిన్నది.

వాసన చక్రం దగ్గర బలంగా ఉంటే అది బ్రేకుది. హ్యాండ్ బ్రేకు దించడం మరిచిపోయి నాలుగైదు కిలోమీటర్లు నడిపితే వెనక చక్రాల నుంచి కమురు వాసన రావడం చాలామందికి అనుభవమే. అది కాకపోతే బ్రేకు పట్టేసి ఉండవచ్చు. డిస్కు బ్రేకులో ప్యాడ్లను అదిమే భాగాన్ని కాలిపర్ అంటారు. అది రెండు సన్నటి పిన్నుల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. డొంకలో కొట్టిన రేగడి బురద వాటి రబ్బరు తొడుగు చిరిగిన చోట లోపలికి చేరి ఎండితే పిన్ను బిగుసుకుంటుంది. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును వదలదు. మైలేజీ తగ్గుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, చక్రం కాగుతుంది. ఓ పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనకవైపు పెట్టి చూడండి. తాకవద్దు, దగ్గరికి తెస్తే చాలు. మూడింటికన్నా ఒకటి బాగా సెగ కొడుతుంటే అదే దొంగ. దాని మీద నీళ్లు మాత్రం పోయకండి. ఎర్రగా కాగిన ఇనుము ఒక్కసారిగా చల్లబడితే వంకర పోవచ్చు, పగలవచ్చు. పిన్నులు తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టి, కొత్త తొడుగులు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. వానాకాలం పోయాక ఒకసారి ఈ పని చేయించుకోవడం పొలం దారుల్లో తిరిగే ప్రతి కారుకూ అవసరం.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. కోటప్పకొండ దిగేటప్పుడు, మార్కాపురం దాటి దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లొచ్చేటప్పుడు బ్రేకులు వాసన కొట్టడం చూస్తుంటాం. లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు మీదే దిగిందనుకుంటే, ఆ నాలుగు చక్రాల దగ్గర పుట్టే మొత్తం వేడి సుమారు 12 లీటర్ల నీళ్లను మరిగే దాకా తేగలదు. ఆ వేడి కొంత బ్రేకు నూనెకూ చేరుతుంది. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకు పడిపోతుంది. నూనె మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి. బుడగ నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తాకుతుంది, బండి ఆగదు. వాసన ఇక్కడ ముందస్తు హెచ్చరిక. రాగానే సురక్షితమైన చోట ఆపి, అరగంట చల్లారనివ్వాలి. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడూ అదే గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దిగితే ఆదా అవుతుందనుకునే పెట్రోలు పిసరంత, పెట్టే పందెం ప్రాణం.

ఇక బెల్టు. వాసన ఏసీ వేసిన వెంటనే మొదలై, ఆపగానే తగ్గి, దాంతో పాటు కీచుమని చప్పుడు కూడా ఉంటే అప్పుడే బెల్టును అనుమానించాలి. ఇంజను ముందు భాగంలో ఒక పొడవాటి బెల్టు ఆల్టర్నేటర్‌నూ (బ్యాటరీని చార్జి చేసే డైనమో), ఏసీ కంప్రెసర్‌నూ, కొన్ని బళ్లలో నీళ్ల పంపునూ తిప్పుతుంది. రెంటచింతల, మాచర్ల వైపు వేసవిలో ఏసీ లేని ప్రయాణం ఊహించలేం. కంప్రెసర్ బరువు మొత్తం ఈ బెల్టు మీదే పడుతుంది. టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టి ఉంచే చక్రం) స్ప్రింగు అలిసినా, బెల్టు గాడులు అరిగినా బెల్టు జారుతుంది, కాలుతుంది.

ఇక్కడే తప్పు వైద్యం ఎక్కువ జరుగుతుంది. కొన్నిసార్లు బెల్టు నేరస్థురాలు కాదు, బాధితురాలు. కంప్రెసర్ బేరింగు పట్టేసి తిరగడం మానేస్తే, ఎంత మంచి బెల్టయినా దాని మీద ఒరుసుకుని మాడుతుంది. అలాంటి బండికి కొత్త బెల్టు వేస్తే వారంలో అదీ పోతుంది. కాబట్టి బెల్టు తీసినప్పుడు, ఇంజను ఆగి ఉండగా, ప్రతి కప్పీనీ చేత్తో తిప్పి చూడమని మెకానిక్‌ను అడగండి. గరగరమన్నా, ఊగినా, అసలు తిరగకపోయినా అసలు కారణం అదే. బెల్టు మీద నూనె చెమ్మ ఉంటే అది ఎక్కణ్నుంచి కారుతోందో కూడా చూడాలి. పాత బెల్టులు అరిగితే పగుళ్లు కనబడేవి. ఇప్పటి ఈపీడీఎం రకం బెల్టులు పగలకుండానే అరుగుతాయి. చూడ్డానికి బాగానే ఉందన్న మాట చాలదు, గాడి లోతు చూడాలి. చప్పుడు పోవడానికి బెల్టుకు సబ్బు రాయడం మాత్రం రోగాన్ని దాచడమే. నడుస్తుండగా బ్యాటరీ దీపం వెలిగి, ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే బెల్టు తెగిందని అర్థం. అక్కడికక్కడే ఇంజను ఆపాలి.

టైరు వాసన పట్టుకోవడం తేలిక. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ నలిగి కాగుతుంది. బరువు ఎక్కువేస్తే వెనక టైరు మడ్‌గార్డు లోపలి తొడుగుకు రాసుకుంటుంది. చక్రం పైన అరలో రేగడి పేరుకుని ఎండితే ఇటుకంత గట్టిపడి, అదే టైరును ఒరుస్తుంది. టార్చిలైటు వేసి లోపల చూస్తే మెరుస్తున్న ఒరిపిడి గీత కనిపిస్తుంది. కడిగించేటప్పుడు పైపైన కాకుండా ఆ అరల్లోకి నీళ్లు కొట్టించాలి.

ఒక్కోసారి కాలేది కారులోని భాగమే కాదు. మిరప తోటల్లో పరిచే మల్చింగ్ షీటు ముక్క, డ్రిప్పు పైపు తునక, గోనె సంచి పోగు గాలికి లేచి బండి కిందికి చేరి సైలెన్సర్‌కు అంటుకుంటాయి. కరిగిన ప్లాస్టిక్ వాసన పోవడానికి కొన్ని రోజులు పడుతుంది, కానీ బండికి నష్టం లేదు. చల్లారాక గీకి తీయిస్తే చాలు. గడ్డితో మాత్రం ఆటలొద్దు. కందికట్టె, ఉలవకట్టె రోడ్డు మీద పరిచి బళ్లతో తొక్కించే చోట్ల అది చక్రాల ఇరుసుకు చుట్టుకుంటుంది, సైలెన్సర్ పక్కన ఇరుక్కుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్ముడవుతున్న బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. పట్టిన మసిని అది అప్పుడప్పుడు తనంతట తానే కాల్చుకుంటుంది. అప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఆ సమయంలో కాస్త మాడు వాసన రావడం మామూలే. అయితే ఆ వేడితో వచ్చిన బండిని ఎండు గడ్డి మీదో, కళ్లం పక్కన పత్తికట్టె మీదో నిలిపితే నిప్పంటుకోవచ్చు. కట్టె మీదుగా రావలసివస్తే దాటగానే ఆపి కిందికి వంగి చూసుకోవాలి.

అన్నిటికన్నా భయపడవలసిన వాసన వైర్లది. ఇది రబ్బరు కన్నా ప్లాస్టిక్ మాడినట్టు ఘాటుగా ఉంటుంది, గొంతు పట్టేస్తుంది, తరచుగా డ్యాష్‌బోర్డు వైపు నుంచి వస్తుంది. వేగంతో, గేరుతో దానికి సంబంధం ఉండదు. బండి ఆపాక కూడా రావచ్చు. రాత్రి పొలం దారుల్లో వెలుగు చాలక హెడ్‌లైట్లకు పెద్ద బల్బులు వేయిస్తుంటారు. 60 వాట్ల చోట 100 వాట్ల బల్బు పెడితే 12 వోల్టుల దగ్గర కరెంటు 5 ఆంపియర్ల నుంచి 8కి పైగా పెరుగుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే వైరులో దాదాపు 2.8 రెట్ల వేడి. రిలే (పెద్ద కరెంటును విడి వైరు గుండా పంపే స్విచ్చి), తగిన మందం వైరు లేకుండా ఇలాంటి పని చేయించుకోకూడదు. పోయిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టడం నిప్పును ఇంట్లోకి పిలవడమే.

ఎలుకల బెడద ఇంకొకటి. కోతలయ్యాక చేలలో తిండి తగ్గి ఊళ్లోకి వచ్చిన ఎలుకకు రాత్రిపూట వెచ్చగా ఉన్న ఇంజను మంచి చోటు. పత్తి, గడ్డి తెచ్చి గూడు పెడుతుంది, పళ్లు అరగదీసుకోవడానికి వైర్లు కొరుకుతుంది. తొడుగు పోయిన వైరు పక్కనే దూది ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పొగాకు కాడలు బానెట్‌లో పెట్టేవాళ్లున్నారు. ఎలుక పోతుందో లేదో గాని ఎండు పొగాకు వేడి ఇంజను పక్కన ఉండటం నాకు నచ్చదు. మిరపకు కారం ఇచ్చే క్యాప్సైసిన్ ఎలుకల నోటికి మనకు లాగే మంట పుట్టిస్తుంది. హోండా కంపెనీ అది పూసిన టేపును వైర్లకు చుట్టడానికి అమ్ముతుంది. గుంటూరు మిర్చి గుణమే అక్కడ పనిచేస్తోంది. అలాగని ఇంట్లో కారప్పొడి కలిపి వైర్లకు పూయకండి. అది తేమ పట్టి కనెక్షన్లలో తుప్పు తెస్తుంది. కొన్ని రోజులు తీయని బండి అయితే స్టార్టు చేసే ముందు బానెట్ ఎత్తి చూడటం అన్నిటికన్నా మంచిది.

వాసనతో పాటు పొగ కనబడితే బండి రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, పిల్లలను, పెద్దవాళ్లను ముందు దించి దూరంగా పంపాలి. సామాను సంగతి తర్వాత. బానెట్ సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని పూర్తిగా ఎత్తకండి. ఒక్కసారిగా గాలి తగిలితే మంట లేస్తుంది. మంటలార్పే సిలిండరు చేతిలో ఉంటే సందులోంచే కొట్టాలి. లేకపోతే వెనక్కి వచ్చి 101కో 112కో ఫోను చేయాలి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. గ్యాసు బండిలో కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది రబ్బరు కాదు, లీకు తెలియడానికి గ్యాసులో కలిపే గంధకపు మందు వాసన. ఇంజను ఆపి, సిలిండరు వాల్వు కట్టేసి, ఏ స్విచ్చీ ముట్టకుండా దిగాలి.

పొగ లేదు, చక్రం కాగలేదు, దీపాలేవీ వెలగలేదు అంటే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. గుంటూరు ఆటోనగర్‌కు వెళ్లినా, ఊళ్లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి వెళ్లినా "వాసన వస్తోంది, చూడన్నా" అని తాళం చేతికిచ్చి టీకి పోకండి. ఏసీ వేసి ఎంతసేపటికి వచ్చింది, ఎంత వేగంలో, ఏ గేరులో, అంతకు ముందు డొంకలో దిగబడిందా, కొత్తగా ఏదైనా బిగించారా అన్నది చెప్పండి. క్లచ్ గానీ బ్రేకు ప్యాడ్లు గానీ కొత్తవి వేయించి ఉంటే మొదటి కొద్ది వందల కిలోమీటర్లు కాస్త వాసన సహజం, ఆ సంగతీ చెప్పండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని చూడండి. బెల్టు ఒక అంచునే మాడిందంటే కప్పీ వంకరగా ఉంది. ఒక చక్రం ప్యాడే అరిగిందంటే ఆ పక్క కాలిపర్ పట్టేసింది. బాగుచేయించాక ఏ పరిస్థితిలో వాసన వచ్చిందో అదే పరిస్థితిలో, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పది కిలోమీటర్లు నడిపి, అప్పుడు డబ్బులివ్వండి.